ఇంటి కంప్యూటర్ నిర్వహణ

ఇంట్లో వాడే డెస్క్‌టాప్, ల్యాప్‌టాప్ కంప్యూటర్లు వేగం తగ్గకుండా, పని మధ్యలో మొరాయించకుండా, వాటిలో దాచుకున్న సమాచారం పోకుండా క్రమం తప్పక చేసే పనులన్నిటినీ కలిపి కంప్యూటర్ నిర్వహణ అంటారు. ఇందులో నాలుగు భాగాలున్నాయి: యంత్రాన్ని వేడి, దుమ్ము, తేమ, కరెంటు ఒడుదొడుకుల నుంచి కాపాడటం, డిస్కుల ఆరోగ్యం చూసుకోవడం, ఆపరేటింగ్ సిస్టమ్‌నూ ప్రోగ్రాములనూ తాజాగా, భద్రంగా ఉంచడం, ఫైళ్లకు నకళ్లు తీసి పెట్టడం. నాలుగింటిలోనూ చివరిదే ప్రధానం. పాడైన భాగాన్ని కొని బిగించుకోవచ్చు. నకలు లేని పెళ్లి ఫొటోలను, ఏళ్ల తరబడి రాసుకున్న లెక్కలను ఏ దుకాణంలోనూ కొనలేం.

చరిత్ర

ఐబీఎం సంస్థ 1981 ఆగస్టు 12న తన పర్సనల్ కంప్యూటర్‌ను విడుదల చేసింది. ఆ తరం యంత్రాల్లో నిర్వహణ భారమంతా వాడేవారిదే. పొరపాటున చెరిపేసిన ఫైలును తిరిగి తెచ్చుకునే సౌకర్యం కూడా అప్పటి ఆపరేటింగ్ సిస్టమ్ డాస్‌లో ఉండేది కాదు. పీటర్ నార్టన్ 1982లో తెచ్చిన నార్టన్ యుటిలిటీస్ ఆ లోటు తీర్చి పేరు తెచ్చుకుంది. ఐబీఎం తరహా కంప్యూటర్లకు సోకిన తొలి వైరస్‌గా పేరుపడిన ‘బ్రెయిన్’ 1986లో పాకిస్థాన్‌లోని లాహోర్‌లో పుట్టింది. ఫ్లాపీల ద్వారా దేశాలు దాటింది. 1993 నాటి ఎంఎస్ డాస్ 6లో డిస్కును సర్దే డీఫ్రాగ్, వైరస్‌లను వెతికే ప్రోగ్రాము చేరాయి. చెత్త ఫైళ్లను తొలగించే డిస్క్ క్లీనప్ విండోస్ 98తో వచ్చింది.

2000 తరువాత ఇంటర్నెట్ ఇళ్లలోకి రావడంతో నిర్వహణ స్వరూపం మారింది. మైక్రోసాఫ్ట్ 2003 అక్టోబరు నుంచి ప్రతి నెలా రెండో మంగళవారం భద్రతా సవరణలు విడుదల చేసే పద్ధతి మొదలుపెట్టింది. 2004లో విండోస్ ఎక్స్‌పీ రెండో సర్వీస్ ప్యాక్ ఫైర్‌వాల్‌ను దానంతటదే పనిచేసేలా చేసింది. 2007లో వచ్చిన విండోస్ విస్టా డిస్కును సర్దే పనిని కూడా తన భుజాన వేసుకుంది. 2012 నాటి విండోస్ 8లో యాంటీవైరస్ సిస్టమ్‌లో భాగమే అయింది. ఒకప్పుడు మనిషి కూర్చుని చేసిన పనులు చాలావరకు ఇలా సాఫ్ట్‌వేర్ చేతికి వెళ్లాయి. దుమ్ము తుడవడం, కరెంటు జాగ్రత్తలు, బ్యాకప్, మోసాలను గుర్తుపట్టడం మాత్రం ఇప్పటికీ ఇంటివాళ్ల బాధ్యతే.

నెమ్మదించడానికి కారణాలు

‘సిస్టమ్ స్లో అయింది’ అన్న ఒక్క మాట వెనక వేర్వేరు జబ్బులుండవచ్చు. ర్యామ్ చాలకపోతే ఆపరేటింగ్ సిస్టమ్ డిస్కులో కొంత భాగాన్ని మెమొరీగా వాడుకుంటుంది. డిస్కు ర్యామ్ కన్నా ఎన్నో రెట్లు నిదానం కాబట్టి ప్రతి క్లిక్కూ ఆలస్యమవుతుంది. ప్రాసెసర్ వేడెక్కితే తన వేగాన్ని తానే తగ్గించుకుంటుంది. డిస్కు పాడవడం మొదలైతే ఒక్కో ఫైలు తెరుచుకోవడానికే నిమిషాలు పడుతుంది. కంప్యూటర్ ఆన్ కాగానే వాటంతటవే మొదలయ్యే ప్రోగ్రాములు పెరిగితే తెర సిద్ధం కావడమే ఆలస్యం. హానికర ప్రోగ్రాములు చొరబడి ప్రాసెసర్‌ను, నెట్‌ను తమ పనికి వాడుకుంటే ఏ కారణమూ కనిపించకుండానే యంత్రం ఈసురోమంటుంది.

అందువల్ల చికిత్సకు ముందు కారణం కనుక్కోవాలి. విండోస్‌లో కంట్రోల్, షిఫ్ట్, ఎస్కేప్ మీటలు కలిపి నొక్కితే టాస్క్ మేనేజర్ తెరుచుకుంటుంది. ప్రాసెసర్, మెమొరీ, డిస్కు, నెట్‌వర్క్‌లలో ఏది నిండిపోయిందో, దాన్ని ఏ ప్రోగ్రాము నింపుతోందో అందులో కనిపిస్తుంది. మ్యాక్‌లో ఈ పని యాక్టివిటీ మానిటర్ చేస్తుంది. విండోస్‌లోని రిలయబిలిటీ మానిటర్ ఏ రోజున ఏ ప్రోగ్రాము కుప్పకూలిందో తేదీల వారీగా చూపిస్తుంది. ఈ రెండూ చూడకుండా నేరుగా ‘ఫార్మాట్ కొట్టించడం’ మన ఊళ్లలో పాతుకుపోయిన అలవాటు. వేడి వల్లనో, పాడవుతున్న డిస్కు వల్లనో నెమ్మదించిన యంత్రానికి ఫార్మాట్ వల్ల ఒరిగేదేమీ లేదు. నకలు లేని ఫైళ్లు పోవడం ఒక్కటే మిగులుతుంది.

వేడి, దుమ్ము, తేమ

ప్రాసెసర్ వాడుకున్న కరెంటు దాదాపు అంతా వేడిగా మారుతుంది. ఆ వేడిని లోహపు రెక్కల హీట్‌సింక్ పీల్చుకుంటే, ఫ్యాన్ గాలితో బయటికి పంపుతుంది. ఉష్ణోగ్రత 100 డిగ్రీల సెల్సియస్ దరిదాపులకు చేరితే చాలా ప్రాసెసర్లు ఆత్మరక్షణ కోసం నెమ్మదిస్తాయి. ఇంకా పెరిగితే యంత్రం ఆగిపోతుంది. మదర్‌బోర్డు మీది ఎలక్ట్రోలైటిక్ కెపాసిటర్ల వంటి భాగాలకు ప్రతి 10 డిగ్రీల అదనపు వేడికీ ఆయుర్దాయం సుమారు సగానికి తగ్గుతుందని ఇంజినీర్ల అంచనా సూత్రం.

తెలుగు ప్రాంతాల వాతావరణం ఈ సమస్యను పెంచుతుంది. చాలా ల్యాప్‌టాప్‌లను పరిసరాల ఉష్ణోగ్రత 35 డిగ్రీలు మించని చోట వాడాలని తయారీదారులు చెబుతారు. రెంటచింతల, రామగుండం వంటి చోట్ల ఎండాకాలంలో బయట 45 డిగ్రీలు దాటే రోజులుంటాయి. రేకుల కప్పు కింద, పై అంతస్తు గదుల్లో మధ్యాహ్నపు వేడి ఇంకా ఎక్కువ. వీడియో ఎడిటింగ్, గేమ్‌ల వంటి బరువైన పనులను అక్కడ ఉదయానికో రాత్రికో మార్చుకోవడం మంచిది. ల్యాప్‌టాప్‌ను పరుపు మీద, దిండు మీద పెడితే అడుగున గాలి రంధ్రాలు మూసుకుపోతాయి. గట్టి బల్ల లేదా పలక మీద పెట్టాలి. డెస్క్‌టాప్ క్యాబినెట్ వెనక కనీసం బెత్తెడు ఖాళీ వదలాలి.

దుమ్ము హీట్‌సింక్ రెక్కల మధ్య దుప్పటిలా పేరుకుని గాలిని ఆపేస్తుంది. రోడ్డు పక్క ఇళ్లలో మూడు నెలలకోసారి, మిగతా చోట్ల ఆరు నెలలకోసారి శుభ్రం చేయాలి. యంత్రాన్ని ఆపి, ప్లగ్ తీసి, పవర్ బటన్‌ను కొన్ని సెకన్లు నొక్కి పట్టుకుంటే మిగిలిన విద్యుత్తు పోతుంది. తరువాత ఆరుబయట చేతి బ్లోయర్‌తో గానీ మెత్తటి కుంచెతో గానీ దుమ్ము తీయాలి. గాలి కొట్టేటప్పుడు ఫ్యాన్ రెక్కలను వేలితో పట్టుకోవాలి. లేకపోతే అవి హద్దు మీరి తిరిగి బేరింగ్ దెబ్బతింటుంది. ఇల్లు ఊడ్చే వాక్యూమ్ క్లీనర్ వాడకూడదు. దాని గొట్టం దగ్గర పుట్టే స్థిర విద్యుత్తు చిప్‌లకు చేటు. పవర్ సప్లై డబ్బాను ఎన్నడూ విప్పకూడదు. ప్లగ్ తీసినా అందులో ప్రమాదకరమైన విద్యుత్తు నిలిచి ఉంటుంది.

ప్రాసెసర్‌కూ హీట్‌సింక్‌కూ మధ్య పూసే థర్మల్ పేస్ట్ కొన్నేళ్లకు ఎండిపోతుంది. దుమ్ము తీసినా వేడి తగ్గకపోతే పాత పేస్ట్‌ను ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌తో తుడిచి, బఠానీ గింజంత కొత్తది పెట్టాలి. తెరపై ఏమీ రాకుండా బీప్ శబ్దాలు మాత్రమే వస్తుంటే ర్యామ్ పలకలను తీసి, అంచులు శుభ్రం చేసి మళ్లీ గట్టిగా అమర్చడం మెకానిక్‌లు మొదట చేసే పని. చాలాసార్లు అంతటితోనే యంత్రం లేస్తుంది. తెరను కొద్దిగా తడిపిన మెత్తటి గుడ్డతో తుడవాలి. నీటిని నేరుగా తెర మీద చల్లకూడదు.

కోస్తాలో ఉప్పుగాలి, వానాకాలపు తేమ కలిసి లోహపు కనెక్టర్లకు తుప్పు పట్టిస్తాయి. వాడకంలో లేని కంప్యూటర్‌నైనా వారానికోసారి కాసేపు నడపడం మేలు. క్యాబినెట్ వెనక ఖాళీ స్లాట్లకు మూతలు లేకపోతే బల్లులు, బొద్దింకలు, చీమలు లోపలికి చేరి షార్ట్ సర్క్యూట్ కావచ్చు. ఆయుధపూజ నాడు కంప్యూటర్‌కు బొట్టు పెట్టడం చాలా ఇళ్లలో ఆనవాయితీ. అప్పుడు యంత్రాన్ని ఆపేసి, పసుపు కుంకుమలు గాలి రంధ్రాల్లోకి, కీబోర్డులోకి పోకుండా చూసుకోవాలి. నీళ్లు చల్లకూడదు.

కరెంటు, యూపీఎస్, బ్యాటరీ

భారతదేశంలో ఇళ్లకు వచ్చే విద్యుత్తు ప్రమాణం 230 వోల్టులు, 50 హెర్ట్‌జ్. గాలివాన రోజుల్లో, కరెంటు పోయి తిరిగి వచ్చిన క్షణంలో వోల్టేజి ఎగసిపడి పవర్ సప్లైని, ఒక్కోసారి మదర్‌బోర్డును కూడా కాల్చేస్తుంది. క్యాబినెట్‌ను తాకినప్పుడు జిల్లుమంటే ఎర్తింగ్ సరిగా లేదని అర్థం. అది ఎలక్ట్రీషియన్‌ను వెంటనే పిలవాల్సిన విషయం. మూడు పిన్నుల ప్లగ్‌లో ఎర్త్ పిన్నును విరిచి వాడటం ప్రాణాపాయం.

డెస్క్‌టాప్‌కు యూపీఎస్ తప్పనిసరి అనే చెప్పాలి. డిస్కులో రాస్తుండగా కరెంటు పోతే ఫైళ్లు, కొన్నిసార్లు ఆపరేటింగ్ సిస్టమ్ కూడా చెడిపోతాయి. ఇళ్లలో వాడే చిన్న యూపీఎస్ పని సేవ్ చేసుకుని కంప్యూటర్‌ను సరిగా ఆపడానికి సరిపడా వ్యవధి ఇస్తుంది. వీటిలో సాధారణంగా ఉండే 12 వోల్టుల సీసపు బ్యాటరీ రెండు నుంచి నాలుగేళ్లలో బలహీనపడుతుంది. కాబట్టి మూడు నెలలకోసారి పనులన్నీ సేవ్ చేసి, గోడ స్విచ్ ఆపి, ఎంతసేపు నిలుస్తుందో చూడాలి. ఇంట్లో ఇన్వర్టర్ మీద కంప్యూటర్ నడిపేవారు దాన్ని యూపీఎస్ మోడ్‌లో పెట్టాలి. మామూలు మోడ్‌లో కరెంటు మారే జాప్యానికే కంప్యూటర్ రీస్టార్ట్ కావచ్చు. ఉరుములు మెరుపులప్పుడు ప్లగ్‌తో పాటు బ్రాడ్‌బ్యాండ్ కేబుల్ కూడా తీసేయాలి. పిడుగు ప్రభావం రాగి తీగల ద్వారానూ వస్తుంది.

ల్యాప్‌టాప్‌లోని లిథియం అయాన్ బ్యాటరీకి వేడి మొదటి శత్రువు. ఎప్పుడూ నూరు శాతం నిండుగా ఉంచడం రెండోది. రోజంతా చార్జర్ తగిలించి వాడేవారు, చార్జింగ్‌ను 80 శాతం దగ్గర ఆపే సౌకర్యం తమ యంత్రంలో ఉంటే దాన్ని ఎంచుకోవాలి. నెలల తరబడి పక్కన పెట్టే ల్యాప్‌టాప్‌ను సగం చార్జితో ఉంచాలి. టచ్‌ప్యాడ్ పైకి లేచినా, అడుగు భాగం ఉబ్బినా బ్యాటరీ వాచిందని గుర్తించి వాడకం ఆపేయాలి. దాన్ని గుచ్చడం, నొక్కడం వల్ల మంటలు రేగవచ్చు.

డిస్కుల సంరక్షణ

హార్డ్‌డిస్క్‌లో అయస్కాంత పళ్లేలు సాధారణంగా నిమిషానికి 5,400 లేదా 7,200 సార్లు తిరుగుతాయి. చదివే తల వాటిని తాకకుండా కొన్ని నానోమీటర్ల ఎత్తులో తేలుతుంది. నడుస్తుండగా కుదిపితే తల పళ్లేన్ని గీసి డేటా పోతుంది. ఫైళ్లు చెరిపి, కొత్తవి రాసే కొద్దీ ఒకే ఫైలు ముక్కలై డిస్కంతా చెదిరిపోతుంది. ఆ ముక్కలను ఒకచోట చేర్చడమే డీఫ్రాగ్‌మెంటేషన్. విండోస్ ఈ పనిని మామూలుగా వారానికోసారి తానే చేస్తుంది.

ఎస్‌ఎస్‌డీలో తిరిగే భాగాలు లేవు. సమాచారం ఫ్లాష్ చిప్‌లలో ఉంటుంది. హార్డ్‌డిస్క్ ఒక ఫైలును వెతకడానికి సుమారు 10 మిల్లీసెకన్లు తీసుకుంటే ఎస్‌ఎస్‌డీకి అందులో నూరోవంతు చాలు. అందుకే పాత కంప్యూటర్‌కు హార్డ్‌డిస్క్ తీసి ఎస్‌ఎస్‌డీ పెట్టించడమే తక్కువ ఖర్చులో ఎక్కువ ఫలితమిచ్చే మార్పు. ఎస్‌ఎస్‌డీని డీఫ్రాగ్ చేయకూడదు. ఫ్లాష్ కణాలు పరిమిత సంఖ్యలోనే రాతలను తట్టుకుంటాయి, ఆ పని వాటిని వృథాగా అరగదీస్తుంది. దానికి కావాల్సింది ట్రిమ్ ఆదేశం, అంటే చెరిపేసిన ఫైళ్ల చోటు ఖాళీ అయిందని డిస్కుకు తెలియజేయడం. విండోస్‌లో ఇది 2009 నాటి విండోస్ 7 నుంచి ఉంది. ఏ రకం డిస్కైనా పదిహేను ఇరవై శాతం చోటు ఖాళీగా ఉంచుకుంటే హాయిగా పనిచేస్తుంది.

రెండు రకాల డిస్కులూ స్మార్ట్ అనే వ్యవస్థ ద్వారా తమ ఆరోగ్యాన్ని తామే నమోదు చేసుకుంటాయి. క్రిస్టల్ డిస్క్ ఇన్ఫో వంటి ఉచిత ప్రోగ్రాములు దాన్ని చదివి చూపుతాయి. చెడిపోయి పక్కకు పెట్టిన సెక్టార్ల సంఖ్య నెలనెలా పెరుగుతుంటే డిస్కు చివరి దశలో ఉన్నట్టే. హార్డ్‌డిస్క్ టక్ టక్‌మని కొట్టుకుంటే మరమ్మతు ప్రోగ్రాములు నడపకూడదు. వాటి ఒత్తిడికి మిగిలిన ప్రాణం కూడా పోతుంది. ముందు ముఖ్యమైన ఫైళ్లను మరో చోటికి కాపీ చేసుకోవాలి. ఎస్‌ఎస్‌డీ చాలాసార్లు ఏ శబ్దమూ, హెచ్చరికా లేకుండానే ఆగిపోతుంది. అది ఎంత వేగంగా ఉన్నా బ్యాకప్‌కు బదులు కాదు.

మదర్‌బోర్డు మీద గడియారాన్ని నడిపే సీఆర్2032 బిళ్ల బ్యాటరీ అయిపోతే కంప్యూటర్ తేదీ వెనక్కి పోతుంది. తేదీ తప్పైతే భద్రమైన వెబ్‌సైట్లు కూడా తెరుచుకోక సర్టిఫికెట్ దోషం చూపుతాయి. ఇంటర్నెట్ పాడైందనుకుని కంగారుపడేవారు ముందు తెర మూలన తేదీ చూడాలి. ఈ బ్యాటరీ గడియారాల దుకాణంలో కూడా దొరుకుతుంది.

సాఫ్ట్‌వేర్ సర్దుబాటు

టాస్క్ మేనేజర్‌లోని స్టార్టప్ జాబితాలో అవసరం లేని ప్రోగ్రాములను ఆపేస్తే కంప్యూటర్ త్వరగా సిద్ధమవుతుంది. వాడని ప్రోగ్రాములను, బ్రౌజర్‌లో ఎప్పుడో చేర్చి మరచిన ఎక్స్‌టెన్షన్లను తొలగించాలి. డౌన్‌లోడ్స్ ఫోల్డర్, రీసైకిల్ బిన్ నెలకోసారి చూసుకోవాలి. తాత్కాలిక ఫైళ్లను విండోస్‌లోని స్టోరేజ్ సెన్స్ దానంతటదే తీసేలా సెట్ చేసుకోవచ్చు. విండోస్ 8 నుంచి ఉన్న ఫాస్ట్ స్టార్టప్ వల్ల, ‘షట్‌డౌన్’ నొక్కినా సిస్టమ్ కెర్నెల్ పూర్తిగా కొత్తగా మొదలు కాదు. ‘రీస్టార్ట్’ నొక్కితేనే అవుతుంది. రోజూ కంప్యూటర్‌ను ఆపేస్తున్నా వారానికోసారి రీస్టార్ట్ చేయడానికి కారణం ఇదే. సిస్టమ్ ఫైళ్లు చెడిపోయాయని అనుమానమొస్తే ఎస్‌ఎఫ్‌సీ, డిజమ్ అనే ఆదేశాలు వాటిని సరిచూసి బాగుచేస్తాయి.

భద్రత

నవీకరణల విలువను 2017 మే నెల ప్రపంచానికి చూపింది. విండోస్‌లోని ఒక లోపాన్ని సరిచేస్తూ మైక్రోసాఫ్ట్ ఆ ఏడాది మార్చి 14న సవరణ విడుదల చేసింది. రెండు నెలల తరువాత వచ్చిన వాన్నాక్రై అనే రాన్సమ్‌వేర్, ఆ సవరణ వేసుకోని కంప్యూటర్లలో ఫైళ్లకు తాళం వేసి డబ్బు అడిగింది. బ్రిటన్ ఆసుపత్రుల నుంచి ఆంధ్రప్రదేశ్ పోలీసు శాఖలోని కొన్ని కంప్యూటర్ల వరకు దాని బారిన పడ్డాయి. అప్‌డేట్‌ను ‘తరువాత’ అని వాయిదా వేయడం ఎంత ప్రమాదమో చెప్పడానికి ఇంతకు మించిన ఉదాహరణ అక్కర్లేదు.

విండోస్‌తో వచ్చే డిఫెండర్ యాంటీవైరస్ ఇంటి అవసరాలకు సరిపోతుంది. రెండు యాంటీవైరస్‌లు కలిపి నడిపితే ఒకదానికొకటి అడ్డుపడి యంత్రాన్ని నెమ్మదింపజేస్తాయి. దొంగ సాఫ్ట్‌వేర్, దాన్ని తెరిచే ‘క్రాక్’ ఫైళ్లు హానికర ప్రోగ్రాములకు రాజమార్గం. ‘మీ కంప్యూటర్‌కు వైరస్ సోకింది, ఈ నంబరుకు ఫోన్ చేయండి’ అని బ్రౌజర్‌లో కనిపించే హెచ్చరికలు మోసాలు. అవతలివారు చెప్పిన రిమోట్ ప్రోగ్రాము వేసుకుంటే కంప్యూటర్‌తో పాటు బ్యాంకు ఖాతా కూడా వారి చేతికి వెళ్తుంది. డబ్బు పోతే వెంటనే జాతీయ సైబర్ నేరాల సహాయవాణి 1930కు ఫోన్ చేయాలి. కేంద్ర ప్రభుత్వం 2017లో ప్రారంభించిన సైబర్ స్వచ్ఛతా కేంద్రం హానికర ప్రోగ్రాములను తొలగించే ఉచిత సాధనాలు అందిస్తోంది.

బ్యాకప్

నిపుణులు సూచించే సూత్రం 3-2-1: ప్రతి ముఖ్యమైన ఫైలుకు మొత్తం మూడు ప్రతులు, రెండు రకాల సాధనాల మీద, వాటిలో ఒకటి ఇంటికి బయట. ఇంటివారికి దీని అర్థం: కంప్యూటర్‌లో ఒకటి, ఎక్స్‌టర్నల్ డిస్కులో ఒకటి, క్లౌడ్‌లో గానీ బంధువుల ఇంట్లో గానీ ఒకటి. విండోస్‌లో ఫైల్ హిస్టరీ, మ్యాక్‌లో 2007 నుంచి ఉన్న టైమ్ మెషీన్ ఈ పనికి పనికొస్తాయి. కాపీ కాగానే ఎక్స్‌టర్నల్ డిస్కును తీసేయాలి. తగిలించి ఉంచితే రాన్సమ్‌వేర్ దానికి కూడా తాళం వేస్తుంది. క్లౌడ్‌తో ఫైళ్లను సింక్ చేయడం ఒక్కటే చాలదు. ఇక్కడ చెరిపేసింది అక్కడా చెరిగిపోతుంది. మూడు నుంచి ఆరు నెలలకోసారి బ్యాకప్ నుంచి ఒక ఫైలు తెరిచి చూడాలి.

తెలుగులో డీటీపీ పని చేసినవారికి అదనపు జాగ్రత్త అవసరం. అను వంటి పాత ఫాంట్లలో పేజ్‌మేకర్‌తో కూర్చిన పుస్తకాలు యూనికోడ్‌లో ఉండవు. ఆ ఫాంట్లు లేని యంత్రంలో అవి అర్థం లేని గుర్తులుగా కనిపిస్తాయి. పేజ్‌మేకర్ చివరి ప్రధాన రూపం 2001లో వచ్చింది. కాబట్టి ఫైలుతో పాటు ఫాంట్లను, పీడీఎఫ్ ప్రతిని, వీలైతే యూనికోడ్‌లోకి మార్చిన పాఠాన్ని కూడా దాచాలి. కొత్త ల్యాప్‌టాప్‌లలో డిస్కుకు బిట్‌లాకర్ తాళం మనకు తెలియకుండానే పడి ఉండవచ్చు. దాని రికవరీ కీని కాగితం మీద రాసి పెట్టుకోకపోతే మదర్‌బోర్డు మార్చిన రోజున సొంత ఫైళ్లే అందవు.

అపోహలు

డెస్క్‌టాప్ మీద పదేపదే ‘రిఫ్రెష్’ నొక్కితే వేగం పెరుగుతుందన్న నమ్మకం మన దగ్గర బలంగా ఉంది. అది తెర మీది బొమ్మలను మళ్లీ గీయించడం తప్ప మరేమీ చేయదు. రిజిస్ట్రీ క్లీనర్ల వల్ల కనిపించేంత వేగం రాదు. విండోస్ చెడిపోయే అవకాశం ఉంది, మైక్రోసాఫ్ట్ వాటి వాడకాన్ని సమర్థించదు. 2017లో సీక్లీనర్ అనే ప్రసిద్ధ శుభ్రపరిచే ప్రోగ్రాములోనే దుండగులు హానికర కోడ్ చొప్పించగా, అది లక్షల కంప్యూటర్లకు చేరింది. ‘ర్యామ్ బూస్టర్లు’ కూడా ఇలాంటివే. ర్యామ్ నిండుగా ఉండటం దానంతటది దోషం కాదు. తరచూ అవసరమయ్యేవాటిని సిస్టమ్ అందులో సిద్ధంగా ఉంచుకుంటుంది.

పాత యంత్రాలు

విండోస్ 10కు సాధారణ మద్దతు 2025 అక్టోబరు 14న ముగిసింది. విండోస్ 11 నిబంధనలకు సరిపోని యంత్రాలు చాలా ఇళ్లలో ఉన్నాయి. వాటిని పారేయనక్కర్లేదు. లినక్స్ మింట్, ఉబుంటు వంటి ఉచిత వ్యవస్థలు వేసుకుంటే చదువుకు, రాతకు, ఇంటర్నెట్‌కు ఇంకొన్నేళ్లు పనికొస్తాయి. హైదరాబాద్‌లోని స్వేచ్ఛ సంస్థ స్వేచ్ఛా సాఫ్ట్‌వేర్‌ను తెలుగులోకి తేవడానికి కృషి చేస్తోంది. విడిభాగాలకు సికింద్రాబాద్‌లోని చెనాయ్ ట్రేడ్ సెంటర్ పేరొందిన మార్కెట్. ఇక పనికిరాదనుకున్న కంప్యూటర్‌ను చెత్తలో వేయకూడదు. డిస్కులోని డేటాను పూర్తిగా తుడిచి, 2023 ఏప్రిల్ 1 నుంచి అమల్లో ఉన్న ఈ-వ్యర్థాల నిబంధనల ప్రకారం నమోదైన రీసైక్లర్‌కు అప్పగించాలి.

నిర్వహణ క్రమం

వారానికోసారి: రీస్టార్ట్, అప్‌డేట్లు, కొత్త ఫైళ్ల బ్యాకప్.

నెలకోసారి: అనవసర ఫైళ్లు, ప్రోగ్రాముల తొలగింపు, స్టార్టప్ జాబితా పరిశీలన, వైరస్ స్కాన్, డిస్కు ఆరోగ్యం.

మూడు నుంచి ఆరు నెలలకోసారి: దుమ్ము తీయడం, యూపీఎస్ పరీక్ష, బ్యాకప్ నుంచి ఫైలు తెరిచి చూడటం.

ఏడాదికోసారి: పాస్‌వర్డులు, రికవరీ కీల సరిచూపు, ఎండాకాలానికి ముందు ఫ్యాన్, థర్మల్ పేస్ట్ పరిశీలన, ఎలక్ట్రీషియన్‌తో ఎర్తింగ్ పరీక్ష.

ఎర్తింగ్ పరీక్ష తప్ప వీటిలో ఒక్క పనికీ ఖరీదైన పరికరాలు గానీ ప్రత్యేక చదువు గానీ అక్కర్లేదు. ప్రతి ఇంట్లో ఒకరు ఈ బాధ్యత తీసుకుని, పిల్లలను పక్కన కూర్చోబెట్టుకుని చేయాలి. ఎక్కడా బ్యాకప్ లేని ఇల్లైతే, మిగతావన్నీ పక్కన పెట్టి మొదట ఆ పని పూర్తి చేయాలి.